గట్టున పెట్టని ఒట్టు

మొన్న నాకు నడక నేర్పడానికి వచ్చే పిల్ల, గదిలో నేల మీద పౌడరు చల్లింది. చంటిపిల్లలకు రాసే తెల్ల పౌడరు. సగం డబ్బా ఒంపేసింది. నా మనవరాలు గుమ్మంలో నిలబడి "ఇదంతా ఎవరు తుడవాలి తల్లీ" అని సణిగింది. తుంటి ఎముక విరిగి, ఆపరేషనై, నర్సరావుపేట ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి నెల దాటింది. ఈ పిల్ల రోజూ పొద్దున్నే వచ్చి నన్ను లేపి నిలబెడుతుంది, తిడితే నవ్వుతుంది. మంచి పిల్లే. తొంభై ఏళ్ళొచ్చిన దానికి నడక నేర్పడమేమిటని నా మంట.

"అమ్మమ్మా, కర్ర పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకోండి. ఆ గోడ దాకా నడవండి. మీ పాదం ఎట్లా పడుతుందో చూడాలి" అంది.

నడిచాను. ఆ పిల్ల మోకాళ్ళ మీద కూచుని నా అడుగుల మీదికి వంగి చూసింది. చూసి చూసి తల పైకెత్తింది. "వయసు వల్ల అరగలేదు అమ్మమ్మా మీ తుంటి. మీ నడకే తప్పు. మడమ మొద్దులాగా పడేస్తున్నారు, కుడికాలు ఈడుస్తున్నారు. ఇది ఇవ్వాళ్టిది కాదు, చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. ఎవరు నేర్పారు మీకీ నడక?"

నేను మంచం మీద కూలబడ్డాను. నొప్పేమోనని ఆ పిల్ల కంగారు పడింది. నేల మీద పొడి చల్లి అడుగులు చదివే మనిషిని నేను ఇంతకు ముందు ఒక్కణ్ణే చూశాను. ఆయన మా నాయన.

నాయనకు మేళం ఉండేది. కారంపూడికి కాస్త దూరంలో మా ఊరు. పది పన్నెండు మంది మనుషులు, ఒక మద్దెల, రెండు జతల తాళాలు, ఒక వేషాల పెట్టె. ఇదే మేళమంటే. అందరూ మెట్ట సేద్యం చేసుకునే వాళ్ళే. జొన్నా, వరిగా, మిరపా పండించుకుంటూ, జాతరలప్పుడు మాత్రం రాజులూ మంత్రులూ అయిపోయేవాళ్ళు. రాణి వేషం ముప్పై ఏళ్ళుగా నాయనదే. మీసం పెంచుకునే యోగం ఆయనకు లేకపోయిందని మా నాయనమ్మ ఏడ్చేది.

వాళ్ళు ఆడే కథ చివర్లో ఒక ఘట్టం ఉంది. యుద్ధం అయిపోయింది. రాణి తన మొగుడి శవాన్ని వెతుక్కుంటూ రణరంగంలోకి వస్తుంది. అక్కడ పాట లేదు, మాట లేదు. మద్దెల కూడా ఆగిపోతుంది. ఆడమనిషి ఒక్కతే శవాల మధ్య నడుచుకుంటూ వస్తుంది, ఒక్కొక్క మొహం చూసుకుంటూ. ఆఖరికి ఒక శవం తల దగ్గర గొంతుక్కూచుని, దాని నుదుటి మీద చెయ్యి వేస్తుంది. అంతే. ఆ నడక చూడటానికే జనం బళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళు. నాయన నడిచి వస్తుంటే ఏడవని ఆడమనిషిని నేను చూడలేదు.

వేషాల పెట్టె మూత తీస్తే ఒక వాసన వచ్చేది. ముఖానికి పూసే అర్దళం వాసన, చెక్క నగలకు పట్టిన ఆముదం వాసన, నాయన చెమట వాసన. ఆ పెట్టె మీద తల పెట్టుకుని నిద్రపోవడం నాకు ఇష్టం. తంతారని తెలిసీ పడుకునేదాన్ని.

నేను పన్నెండేళ్ళ దాన్ని అయ్యేసరికి నాయన మోకాళ్ళు చెడిపోయాయి. పొద్దున లేచేసరికి రెండూ బూరెల్లా పొంగి ఉండేవి. వైద్యం చేసే ఆచారి వచ్చి నొక్కి చూసి, "ఇంకొక్కసారి గొంతుక్కూచున్నావంటే లెగవలేవు. ఆపైన నీ ఇష్టం" అని చెప్పేసి పోయాడు. అమ్మ ఆ మాట విని పొయ్యి ముందు నుంచి లేవలేదు. రాణి చివర్లో గొంతుక్కూచోవాల్సిందే మరి.

కాబట్టి వేషం ఇంకొకరికి నేర్పాలి. మా ఇంట్లో బావ ఉండేవాడు, మా మేనత్త కొడుకు. అమ్మా నాన్నా లేరు, మా జొన్నన్నమే తిని పెరిగాడు. పదిహేడేళ్ళు. మొహం ఆడపిల్ల మొహంలా నున్నగా ఉంటుంది, గొంతు తేనె. అందుకని నాయన కన్ను వాడి మీద పడింది. పాపం, వాడి కాళ్ళ సంగతి ఆయన ముందు చూసుకోలేదు.

నాయన నేర్పే పద్ధతే వేరు. మా చావడిలో నాపరాళ్ళు పరిచిన నేల ఉండేది. తెల్లవారకముందే దాన్ని ఊడ్చి, పిడకల బూడిదను గుడ్డలో వేసి జల్లించి, స్తంభం నుంచి గడప దాకా బాటలాగా పలచగా పరవాలి. ఆ పని నాది. బావ ఒక్కడే దాని మీద ఒక్కసారి నడిచి అవతలకి పోవాలి. నాయన అప్పుడు ఉండడు. బావ నడిచి పోయాక వచ్చి, ఆ అడుగులు చూస్తాడు.

"నడిచేటప్పుడు మనిషిని చూస్తే మొహం మాయ చేసిద్దిరా" అనేవాడు. "మొహం ఏడిస్తే మనకీ ఏడుపొచ్చిద్ది, నడక బాగుందనుకుంటాం. జనం నేల మీద కూచుంటారు, వాళ్ళ కళ్ళకి ముందు తగిలేది పాదాలే. అందుకని నేను మనిషిని చూడను. అడుగు అబద్ధమాడదు."

ఎవరు తొక్కినా, ఆడది మాత్రం ఆ బూడిద తొక్కకూడదు. నేను దాన్ని జల్లించొచ్చు, పరవొచ్చు, ఊడ్చి పెంటలో పొయ్యొచ్చు. కాలు పెడితే మాత్రం మేళానికి అరిష్టమట. ఆడదాని నడక నేర్చుకునే చోట ఆడదాని కాలు పనికిరాదు! ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు మండుతుంది గాని, అప్పుడు అది నాకు తప్పుగా తోచలేదు.

రోజూ ఒకటే తంతు. నాయన స్తంభం పట్టుకుని నిలబడి అడిగేవాడు.

"ఎవరియిరా ఈ అడుగులు?"

"రాణియి మామా."

"కాదు, నీయి." సపక్కున చింతబరికె బావ పిక్కల మీద పడేది. "వేళ్ళు ముందు ఆనాలిరా. వేళ్ళు అడగాలి, మడమ జవాబు చెప్పాలి. 'ఈడ ఉన్నోడు నా మొగుడా?' అని వేళ్ళు అడుగుతయ్యి. 'కాదు' అని తెలిసినాకే మడమ కింద పడాలి. నువ్వు మడమతోనే దూకుతన్నావ్, శవాలన్నీ తొక్కుకుంటా పోతన్నావ్!"

అడుగు చిన్నదవ్వాలని బావ రెండు కాళ్ళకూ మధ్య జానెడు గుడ్డ కట్టారు. గేదెల దగ్గరికి అట్లాగే వెళ్ళి మూడుసార్లు కుడితి తొట్లో పడ్డాడు. ఆడవాళ్ళ నడక చూసి రమ్మని నాయన వాణ్ణి నీళ్ళ బావి దగ్గరికి పంపించాడు. అక్కడ ఒక ఇల్లాలు కడవ దించి మట్టిపెళ్ళ తీసుకుని విసిరింది. "ఏందిరా ఎదవా, పొద్దున్నే కాళ్ళ వంక చూస్తన్నావ్? మీ మామ చెప్పాడా? ఆ మామని రమ్మను, ముందు ఆయన కాళ్ళిరగ్గొడతా!" బావ నుదురు బొప్పి కట్టించుకుని వచ్చాడు. నేను పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాను. నాకూ రెండు తగిలాయి.

మద్దెల వాయించే సాయిబు తాత మా అరుగు మీదే ఉండేవాడు సగం రోజు. మద్దెల ఒళ్ళో పెట్టుకుని ఎండలో తోలు కాగబెట్టుకుంటూ లోకం కబుర్లన్నీ చెప్పేవాడు. "పట్నాల్లో ఇప్పుడు పెట్టెలో గాలి కొట్టి రాగం తీస్తన్నారంట అబ్బాయ్. రంగులేసిన తెరలంట, ఉయ్యాలలంట. నడక ఎవడికి కావాలి? పద్యం పాడి నిలబడితే ఒన్స్‌మోర్ అంటన్నారంట." నాయన విననట్టు చింతబరికె చెక్కుకునేవాడు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో, మా ఊరివాళ్ళు బండి మీద ఎత్తుగా కట్టుకెళ్ళే ప్రభ ముందు ఆడే హక్కు మా మేళానిది. ఆ ఏడు అక్కడ ఆడకపోతే ఆ చోటు హార్మోనీ నాటకం వాళ్ళకి ఇచ్చేస్తామని ఊరి పెద్దలు అప్పటికే కబురు పెట్టారు. పైగా యుద్ధం రోజులు. కిరసనాయిలు దొరకదు. గ్యాసులైట్లు లేవు. ఆట పట్టపగలే ఆడాలి. దీపాల వెలుతురులో రంగుతో నగలతో ఎన్ని తప్పులైనా దాగుతాయి గాని, ఎండలో ఏదీ దాగదు. ఒక్క నడకే కాపాడాలి.

బావా నేనూ ఈడుకు మించిన స్నేహితులం. అటక మీద అమ్మ దాచిన నువ్వుండలు మేమే కాజేసేవాళ్ళం. తిన్నాక బావ చేత నా నెత్తిన చెయ్యి పెట్టించుకునేదాన్ని. "నా మీద ఒట్టు. చెప్పావో, నేను సచ్చిపోతా." వాడికి ఒట్టంటే హడలు. దొంగతనం బయటపడి ఇద్దరం తన్నులు తిన్నా సరే, నా దగ్గరికి వచ్చి "ఒట్టు తీసి గట్టున పెట్టవే" అని బతిమాలేవాడు. నేను వాడి చెయ్యి నా తల మీద నుంచి తీసి, ఏ అరుగు గట్టు మీదో పెట్టి "పెట్టేశా" అంటే గాని వాడికి అన్నం దిగేది కాదు.

మా ఇద్దరికీ ఇంకొకటి కూడా కలిసింది. నావి పెద్ద పాదాలు. "ఈ ఏనుగు కాళ్ళ దాన్ని ఎవడు చేసుకుంటాడు" అని నాయనమ్మ నిట్టూర్చేది. బావవి మగవాళ్ళలో చిన్న పాదాలు. మాదిగ పెద్దయ్య ఒకే కొలతతో ఇద్దరికీ చెప్పులు కుట్టేవాడు. ఆ కొలతే మా కొంప ముంచింది.

శివరాత్రి పదకొండు రోజులుందనగా నాయన తేల్చి చెప్పేశాడు. "సోమారం పొద్దున చూస్తా. రాణి అడుగులు కనపడితే సరే. లేకపోతే నేనే చీర కట్టుకుంటా." అమ్మ మొహంలో నెత్తురు లేదు. బావ పిక్కల మీద వాతలు చీము పట్టి ఉన్నాయి. ఆ ఆదివారం రాత్రి వాడు అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

నాకేమో ఆ నడక వచ్చు. ఎవరూ నేర్పలేదు. రోజూ బూడిద పరిచి, రోజూ తప్పు విని, రోజూ ఊడ్చేదానికి రాక ఏమవుతుంది? మిరప తోటలో నీళ్ళ కడవ మోస్తూ, ఎవరూ లేనప్పుడు, మళ్ళ మధ్య ఎన్నిసార్లు నడిచి చూసుకున్నానో.

సోమవారం తెల్లవారుజామున బూడిద పరిచాను. నిలబడి చూశాను. చీర కుచ్చెళ్ళలాగా పరికిణీ ఎత్తి పట్టుకుని, కాలు పెట్టాను. వేళ్ళు అడిగాయి. మడమ జవాబు చెప్పింది. గడప దాకా వెళ్ళేసరికి నిజంగా ఎవరో చచ్చిపోయినట్టు నా గుండె కొట్టుకుంది. ఎందుకు చేశానంటే ఏం చెప్పను? బావకు దెబ్బలు తప్పుతాయని, నాయన కాళ్ళు మిగులుతాయని, కొట్టడం మానితే వాడికే వస్తుందని అనుకున్నాను. అది నిజమే. కానీ నాయన కళ్ళు ఒక్కసారి నా అడుగుల మీద పడాలనే దురద కూడా ఉంది నాలో. ఇన్నేళ్ళకి అబద్ధం ఎందుకు?

బావ కళ్ళు నులుముకుంటూ వస్తే గడపలోనే ఆపాను. "తొక్కొద్దు. అయిపోయింది." వాడు బూడిద వంక చూశాడు. నా కాళ్ళ వంక చూశాడు. వేళ్ళ సందుల్లో తెల్లగా ఉంది. ఏదో అనబోయేంతలో నాయన కర్ర చప్పుడైంది.

నాయన చూశాడు. వంగలేక, స్తంభం పట్టుకుని మెల్లగా నేల మీదికి జారి, బోర్లా పడుకుని, గడ్డం రాతికి ఆనించి చూశాడు.

"ఎవరియిరా ఈ అడుగులు?"

బావ నా వంక చూశాడు.

"రాణియి" అన్నాడు నాయన. ఆయనే అడిగి ఆయనే చెప్పుకున్నాడు. కళ్ళ నీళ్ళు బూడిదలో పడి చుక్కలు కట్టాయి. "నా అడుగుల కంటే బాగున్నయిరా. నాకూ ఏనాడూ ఇట్టా పడలా." బావను దగ్గరికి లాక్కుని, వాతలు పడిన పిక్కలకు ఆయనే ఆముదం రాశాడు. సాయిబు తాతను పిలిచి చూపించాడు. ఎవరూ తొక్కకుండా ఆ అడుగుల మీద గంపలు బోర్లించాడు. జన్మలో నాకు దక్కిన పెద్ద మెప్పు అదే. నా ఎదురుగానే దాన్ని బావకు ఇచ్చేశాడు.

ఆ పూట గొడ్లచావిట్లో బావ నన్ను పట్టుకున్నాడు. "ఇప్పుడే చెప్పేస్తానే. నాకు రాదు. రేపు అంతమందిలో ఏం నడవను?"

"చెబితే నన్ను నరుకుతాడు. బూడిద తొక్కానని తెలిస్తే మేళంలో ఏ చెడు జరిగినా నా వల్లేనంటారు. వద్దు బావా." వాడి చెయ్యి లాక్కుని నా నెత్తిన పెట్టుకున్నాను. "నా మీద ఒట్టు."

వాడు చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. నేను వదల్లేదు.

ఆనాటి నుంచి నాయన బూడిద పరవనివ్వలేదు. "వచ్చిన నడకని కదిలించగూడదు. నాటిన ఇత్తనాన్ని రోజూ తవ్వి చూస్తామా?" అన్నాడు. వారం రోజులు బావకు నెయ్యి, గోంగూర, వేడి వేడి జొన్నరొట్టెలు. వాడికి సహించేవి కావు. మిరపకాయలు ఆరబోసిన కళ్ళంలో నేను దొంగచాటుగా నేర్పాలని చూశాను. ఎర్రటి కాయల మధ్య తుమ్ముకుంటూ, కళ్ళు మండుతుంటే నడిచి చూపించాను. "వేళ్ళు అడగాలి బావా."

"నా వేళ్ళకి అడగటం రాదే" అన్నాడు. నవ్వబోయాం గాని నవ్వు రాలేదు.

రెండు రోజులు బళ్ళ మీద వెళ్ళాం కొండకి. దారిపొడుగునా ప్రభల గంటలు, ఎద్దుల మెళ్ళో మువ్వలు, దుమ్ము. అమ్మ కట్టిన చింతకాయ తొక్కు వాసన బండంతా. నాయన అన్ని రోజులకి మొదటిసారి పాట ఎత్తుకున్నాడు. సాయిబు తాత బండి చట్రం మీదే దరువు వేశాడు. అంత సంతోషంగా నాయనను నేను మళ్ళీ చూడలేదు. బావ బండి వెనక కాళ్ళు వేలాడేసుకుని కూచుని, ఒక్కోసారి నా వంక తిరిగేవాడు. నేను కొండ వంక చూసేదాన్ని.

ఆట మధ్యాహ్నం తిరిగాక మొదలైంది. ఎండ మండిపోతోంది. రాజు బాగానే ఆడాడు, యుద్ధం బాగానే అయింది. రాజు, ఇంకో నలుగురు శవాలై పడుకున్నారు. మద్దెల ఆగింది. అడ్డం పట్టుకున్న తెర దించారు. చీరలో, చెక్క నగలతో బావ నిలబడి ఉన్నాడు. మొహం చూసి ఆడవాళ్ళు "అమ్మా, ఎంత చక్కగా ఉండాడు" అన్నారు.

నడిచాడు. మడమతోనే పడింది మొదటి అడుగు. రెండోది దుక్కి సాలులో వేసినట్టు పడింది. పాటా దరువూ లేని ఆ నిశ్శబ్దంలో వాడి కాళ్ళ చప్పుడు అందరికీ వినపడింది. ఎవడో వెనక నుంచి అరిచాడు. "ఒరేయ్, రాణిగారు పెంట తోలతందిరా!" ఇంక నవ్వులే నవ్వులు. పిల్లలు ఈలలు వేశారు. బావ నడిమధ్యన ఆగిపోయాడు. ముందుకీ పోలేదు, వెనక్కీ రాలేదు. వాడి కళ్ళు జనంలో నాకోసం వెతికాయి. నేను అమ్మ వెనక దాక్కున్నాను.

నాయన తాళాలు కింద పెట్టాడు. లేచాడు. కర్ర కూడా తీసుకోలేదు. బావ భుజాల మీది ముసుగు గుడ్డ లాగి తన నెత్తిన వేసుకున్నాడు. గోచీపంచె, వేషం మానాక పెరిగిన నెరిసిన గడ్డం, రంగు లేదు, నగ లేదు. నడిచాడు. నాలుగో అడుగుకి నవ్వులు ఆగిపోయాయి. ఏడో అడుగుకి నా పక్కన కూచున్న ముసలమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. ఆమె కొడుకు పట్టాళంలో ఉన్నాడని తర్వాత తెలిసింది. నాయన ఒక్కో మొహం చూసుకుంటూ వచ్చి, రాజు తల దగ్గర గొంతుక్కూచుని, నుదుటి మీద చెయ్యి వేశాడు.

జనం ఏడుస్తున్నారు. నాయన లేవడం లేదు. అదీ ఆటే అనుకున్నారు, ఇంకా ఏడ్చారు. శవం వేసినవాడు ఒక కన్ను తెరిచి "అన్నా, లెగు" అన్నాడట. సాయిబు తాతకి ముందు తెలిసింది. మద్దెల పక్కకు తోసి పరిగెత్తుకొచ్చి చంకల కింద చేతులు పెట్టి ఎత్తాడు. కాళ్ళు ముడిచినవి ముడిచినట్టే లేచాయి. అవి మళ్ళీ తిన్నగా కాలేదు.

నాయనను బండిలో పడుకోబెట్టి అమ్మ నీళ్ళు తేవడానికి వెళ్ళింది. బావ వచ్చాడు. నగలు ఒక్కొక్కటీ తీసి పెట్టెలో సర్దాడు, చీర మడత పెట్టాడు. రంగు చెమటకి కారి మెడంతా పచ్చగా ఉంది. నన్ను అవతలికి పిలిచాడు.

"ఒట్టు తీసి గట్టున పెట్టవే."

నేను నేల చూపులు చూశాను.

"మామకి చెబుతా. ఆ అడుగులు నాయి గావు, నీయి అని చెబుతా. నేనెట్టాగూ పనికిరానోణ్ణి. ఆయనకి నువ్వన్నా మిగులుతావు. అదుగో గట్టు, ఈడే ఉంది." పొలం గట్టు చూపించాడు. చెయ్యి నా తల మీద పెట్టి నిలబడ్డాడు, నేను తీసి పెడతానని.

నేను తీయలేదు. బండిలో నాయన మూలుగుతున్నాడు. నా ఒక్క అబద్ధం ఆయన కాళ్ళు తీసిందని ఆయనకు తెలియడం నేను భరించలేకపోయాను. తల అడ్డంగా ఊపాను. భయం, వట్టి భయం. బావ చెయ్యి తనే తీసుకున్నాడు. గట్టు మీద పెట్టలేదు. జనంలో కలిసి నర్సరావుపేట దారి పట్టి వెళ్ళిపోయాడు. పట్టాళంలో చేరాడని ఒకరన్నారు, వినుకొండలో రైలెక్కాడని ఒకరన్నారు. ఎప్పటికీ తిరిగి రాలేదు. నాకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, వాళ్ళకి పిల్లలు పుట్టారు, ఆ చెయ్యి ఇంకా నా నెత్తిన ఉన్నట్టే ఉంటుంది.

మేళం ఆ ఏటితో సరి. ప్రభ ముందు చోటు హార్మోనీ వాళ్ళకి పోయింది. సాయిబు తాత మద్దెల తెచ్చి మా అటక మీద పెట్టి, మళ్ళీ అడగలేదు. నాయన చావడిలో నులకమంచం మీద పడుకుని, వచ్చేపోయే వాళ్ళ కాళ్ళు చూస్తూ కాలం గడిపాడు. ఇంకేం పని ఉంది ఆయనకి? మొహం చూడకుండా పాదం చూసి ఫలానా వాడని చెప్పేవాడు. ఎవరు వచ్చినా ఒకటే మాట. "మా వాడికి ఒక్క పొద్దున వచ్చిందయ్యా నడక. నా కళ్ళతో చూశా. ఏ దిష్టి తగిలిందో, మళ్ళీ దేవుడు తీసుకుపోయాడు."

ఆ కళ్ళ ముందు నేను రోజుకు నూరుసార్లు తిరగాలి. పేడనీళ్ళు చల్లి అలికిన నేల మీద, తడి అడుగులతో. ఒక్క అడుగు సరిగా పడితే చాలు, ఆయనకు తెలిసిపోతుంది. అందుకని నడక మార్చుకున్నాను. మడమ దబదబా వేయడం నేర్చుకున్నాను. కుడికాలు ఈడవటం నేర్చుకున్నాను. బావకు రాణి నడక పట్టుబడలేదు గాని, నాకు ఈ నడక నెలరోజుల్లో పట్టుబడింది. "ఏందే ఆ ఈడ్పు? ఏం రోగం?" అని అమ్మ తిట్టేది. తిట్టనిచ్చాను.

నా పెళ్ళయిన మూడో ఏడు నాయన పోయాడు. పోయే ముందు రోజు నేను గంజి తీసుకుని వెళ్ళాను. ఆయన మొహం ఎత్తలేదు, నా పాదాలే చూస్తున్నాడు. తెలిసిపోయిందనుకున్నాను. తెలిస్తే బాగుండుననీ అనుకున్నాను.

"ఇంతమందికి నేర్పా గదమ్మా" అన్నాడు. "నా బిడ్డకి నేర్పలా. ఆడపిల్లవని బూడిద మీదకి రానియ్యలా. అందుకే నీ నడక ఇట్టా తగలడింది. నా తప్పే. ఏమనుకోమాక తల్లీ."

చేతులు రెండూ ఎత్తి నాకు దణ్ణం పెట్టాడు. నేను గంజి గిన్నె కింద పెట్టి, ఆ చేతులు పట్టుకుని, "నాకేం తక్కువయింది నాయనా, తాగు" అన్నాను. ఆయన తాగాడు.

మొన్న ఆ పిల్ల పౌడరు తుడవబోతే వద్దన్నాను. అందరూ అవతలికి పోయాక, మంచం కోడు పట్టుకుని లేచి నిలబడ్డాను. వేళ్ళు ముందు ఆనించాలని చూశాను. ఒక్కసారి, ఒక్క అడుగు. వేళ్ళు కదల్లేదు. మడమే దబ్బున పడింది, కుడికాలు దాని వెనక ఈడ్చుకుంటూ వచ్చింది.

చప్పుడుకి ఆ పిల్ల పరిగెత్తుకొచ్చింది. "ఒక్కరే ఎందుకు లేచారు అమ్మమ్మా? ఇట్లా కాదు, మెల్లగా నేను నేర్పుతాగా" అని నన్ను మంచం మీద కూచోబెట్టి, తడిగుడ్డ తెచ్చి నేలంతా తుడిచేసింది.